పదిలో మిగిలేది మూడే

మే నెలలో మామిడి తొక్కలు ఒక్క పూట వంటింట్లో ఉండిపోతే చాలు, హబ్సిగూడలోని మా ఇంట్లో ఎర్ర కళ్ల చిన్న ఈగలు ముసురుతాయి. అమ్మ విసుక్కుంటూ గుడ్డతో తోలుతుంది. నాకు మాత్రం వాటిని చంపడానికి చేతులు రావు. ఈ రోడ్డు మీదే ఉన్న సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో వీటినే, అంటే డ్రోసోఫిలా ఈగలను, సీసాల్లో పెంచి పరిశోధనలు చేస్తారు మరి.

ఈ ఈగ గుడ్డు అర మిల్లీమీటరు పొడవుంటుంది. 25 డిగ్రీల వేడిలో ఉంచితే ఒక్క రోజులో అందులోంచి పురుగు బయటికి పాకుతుంది. ఆ ఒక్క రోజులోనే నాడీవ్యవస్థ అంతా తయారవ్వాలి. సంకేతాలు మోసే న్యూరాన్లు సరే, వాటిని చుట్టుకుని కాపాడే గ్లియా కణాలు కూడా కావాలి. మరి ఎన్ని కావాలో ఎవరు లెక్కపెడతారు?

ఒక కణం గ్లియా కావాలా, న్యూరాన్ కావాలా అని తేల్చే జన్యువును 1995లో గుర్తించారు. దాని పేరు 'గ్లియల్ సెల్స్ మిస్సింగ్'. అది పనిచేయకపోతే గ్లియా కావాల్సిన కణాలు న్యూరాన్లు అయిపోతాయి. న్యూరాన్ కావాల్సిన చోట దాన్ని పనిచేయిస్తే అక్కడ గ్లియా పుడుతుంది. అయితే పిండం నట్టనడుమ గీత వెంట ఉండే గ్లియాకు ఈ జన్యువుతో పని లేదు. నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది ఆ నడిమి గ్లియానే.

ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు వెళ్లే నాడీ తీగలు, అంటే న్యూరాన్ల నుంచి సాగే పొడవాటి పోగులు, ఆ గీత దగ్గరే దాటుతాయి. పిండం శరీరం వరుస ఖండాలుగా ఉంటుంది; ఒక్కో ఖండంలో అక్కడ మొదట పది దాకా గ్లియా కణాలు పుడతాయి. పిండం ఎదిగేసరికి మిగిలేవి సుమారు మూడే. మా తాతయ్య కుదురుకు మూడేసి మొక్కజొన్న గింజలు వేసి, మొలిచాక ఒక్కటి ఉంచి తక్కినవి పీకేసేవాడు. ఇక్కడ పీకడానికి మనిషి లేడు. ఈ గ్లియా కణాల్లో ప్రతిదానిలోనూ 'హిడ్' అనే ప్రోటీన్ ఉంటుంది, దాని పని ఆ కణాన్ని చంపడమే. న్యూరాన్లు 'స్పిట్జ్' అనే సంకేతాన్ని వదులుతాయి. అది గ్లియా పైనున్న గ్రాహకానికి తగిలితే లోపల మ్యాప్ కైనేజ్ అనే ఎంజైమ్ మేల్కొని, హిడ్‌కు ఫాస్ఫేట్ అంటించి దాని నోరు కట్టేస్తుంది. మ్యాప్ కైనేజ్ హిడ్‌ను ఇలా ఆపుతుందని 1998లో తెలిసింది, నడిమి గ్లియాలో జరిగేదీ ఇదేనని 2002లో బయటపడింది. సంకేతం చాలినంత అందిన కణం బతుకుతుంది, అందనిది చస్తుంది. అంటే ఎన్ని ఉండాలన్నది గ్లియాలో ముందే రాసి లేదు. అవి ఎవరికోసం పుట్టాయో ఆ తీగలే తేలుస్తాయి. హిడ్ లేని పిండాల్లో చూస్తే, పోవాల్సినవి కూడా బతికి ఉంటాయి.

చచ్చినవాటిని తిరుగాడే మాక్రోఫేజ్ కణాలు మింగేస్తాయి. మైక్రోస్కోప్ కింద ఆ మాక్రోఫేజ్ పొట్టలో గుండ్రటి ముక్కలు కనిపిస్తాయి, అవి కాసేపటి క్రితం గ్లియా. మిగిలిన రెండు మూడు మాత్రం తీగల కట్టలను కౌగిలించుకుని ఉంటాయి. కొద్ది గంటల్లో గుడ్డు లోపల పురుగు మెలికలు తిరగడం మొదలుపెడుతుంది.