నర్సుల శిక్షణ: గంటల లెక్క దగ్గరే అసలు చిక్కు

రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు కావలసిన శిక్షణ గంటల్ని నర్సులు వీడియో పాఠాలతో ఇంటి నుంచే పూర్తి చేయవచ్చా, లేక వర్క్‌షాపుకో, బొమ్మల మీద సాధన చేయించే సిమ్యులేషన్ ల్యాబ్‌కో రావాల్సిందేనా? ఈ తగవు మళ్లీ రాజుకుంది. 1911లో మిసెస్ చేజ్ అనే నిలువెత్తు బొమ్మ మీద నర్సులు సాధన మొదలుపెట్టిన నాటి నుంచి చెప్పుకు రావచ్చు గానీ, ఇప్పటి గొడవకు 1999 చాలు.

ఆ ఏడాది సెప్టెంబరులో వైద్య విద్య పరిశోధకుడు డేవ్ డేవిస్ బృందం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక సమీక్ష ప్రచురించింది. సదస్సులు, ఉపన్యాసాలు, వర్క్‌షాపుల వల్ల వైద్యుల పనితీరు మారుతోందా అని చూసిన 14 అధ్యయనాలను ఒకచోట పెట్టి పరిశీలించింది. ఉపన్యాసం ఒక్కటే విన్నవారి పనితీరు మారినట్టు కనబడలేదు. కేసు చర్చలు, రోల్‌ప్లే, స్వయంగా చేసి చూడటం ఉన్నచోట మార్పు కనబడింది. రెండు నెలలకే అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ సంస్థ నివేదిక వచ్చింది. అమెరికా ఆస్పత్రుల్లో వైద్య పొరపాట్లకు ఏటా 44,000 నుంచి 98,000 మంది బలవుతున్నారన్న అంచనా అందులోదే. డాక్టర్లు, నర్సులు కలిసి సిమ్యులేషన్ వంటి పద్ధతుల్లో సాధన చేయాలని కూడా ఆ నివేదికే సిఫార్సు చేసింది.

ఇంత జరిగినా నిబంధనల్లో గంటల లెక్క అలాగే ఉండిపోయింది. దాని మూలం 1970లలో ఉంది. నర్సులకు నిరంతర విద్యను తప్పనిసరి చేస్తూ చట్టం చేసిన తొలి అమెరికా రాష్ట్రం కాలిఫోర్నియా. అక్కడ ఇప్పటికీ రెండేళ్లకు 30 గంటలు చూపించాలి. గంటలైతే హాజరు పట్టీ చూసి లెక్కపెట్టవచ్చు. వార్డులో ఏం మారిందో తెలియాలంటే ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు ఏది సులువో వేరే చెప్పాలా?

వీడియో పాఠాల పక్షం వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2009 నాటి సమీక్షను ముందుకు తెస్తుంది. 81 ప్రయోగ అధ్యయనాలు చూసిన ఆ సమీక్షలో, కేవలం చర్చలు, సాధనతో నడిచిన శిక్షణ వల్ల పనితీరులో వచ్చిన మెరుగుదల 3 శాతమే; ఉపన్యాసాలతో దాదాపు 7 శాతం. అంకెలు నిజమే. కానీ రెండూ కలిపి నడిపినచోట మెరుగుదల 13.6 శాతమన్న సంగతిని ఆ పక్షం అంతగా ప్రస్తావించదు. పైగా అక్కడ పోల్చింది మనుషులు కలిసి కూర్చున్న శిక్షణలనే, ఒంటరిగా చూసే వీడియోలను కాదు.

రాత్రి డ్యూటీ దిగిన మనిషిని మళ్లీ వర్క్‌షాపుకు రమ్మనడం అన్యాయమన్న మాటను మాత్రం తోసిపుచ్చలేం. దీనికి జవాబు సీపీఆర్ (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి చేసే అత్యవసర చికిత్స) శిక్షణలో దొరికింది. ఛాతీ నొక్కే నైపుణ్యం కొన్ని నెలల్లోనే తగ్గిపోతుంది. సర్టిఫికెట్ గడువేమో రెండేళ్లు! అందుకే కొన్ని ఆస్పత్రులు బొమ్మను వార్డు దగ్గరికే తెచ్చి, మూడు నెలలకోసారి డ్యూటీ మధ్యలోనే కాసేపు సాధన చేయిస్తున్నాయి. ఎంత లోతుగా, ఎంత వేగంగా నొక్కుతున్నారో యంత్రం అక్కడికక్కడే చెబుతుంది. ఎవరూ సెలవు రోజు పోగొట్టుకోనక్కర్లేదు.

గంటల్లో లెక్కించే పట్టికలో ఈ కొద్ది నిమిషాల సాధనను ఏ గడిలో రాయాలన్నదే ఇప్పుడు తేలాల్సింది.