చట్టం కొత్తది, పన్ను పాతదే: ఆదాయపు పన్ను చట్టం వెనక కథ

నాన్న రిటైరయ్యాక మొదటిసారి ఇంట్లోనే పన్ను చలాన్ కట్టడానికి కూర్చున్నాం. ఒక్క గడి దగ్గర ఆగిపోయాం: అసెస్‌మెంట్ ఇయర్. 2018-19లో వచ్చిన ఆదాయానికి అక్కడ 2019-20 అని నింపాలి. మేం 2018-19 అనే నింపాం. కట్టిన డబ్బు వేరే ఏడాది లెక్కలో పడింది. దాన్ని సరిచేయించుకునేదాకా ఆయనకు ఒకటే టెన్షన్.

సంపాదించిన ఏడాదికి ఒక పేరు, లెక్క తేల్చే ఏడాదికి ఇంకో పేరు. 2025 ఆదాయపు పన్ను చట్టం ఈ రెండింటినీ తీసేసి 'పన్ను సంవత్సరం' అని ఒక్కటే ఉంచింది. ఇది 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు.

మన దేశంలో ఈ పన్ను 1860లో మొదలైంది. 1857 తిరుగుబాటు తర్వాత ఖాళీ అయిన ఖజానా నింపడానికి అప్పటి బ్రిటిష్ పాలనలో ఆర్థిక వ్యవహారాలు చూసిన జేమ్స్ విల్సన్ తెచ్చాడు. 1886లో ఒకటి, 1922లో ఒకటి చట్టాలు వచ్చాయి. స్వతంత్రం వచ్చాక మనం రాసుకున్నది 1961 చట్టం. అప్పుడు 298 సెక్షన్లు. తర్వాత ప్రతి బడ్జెట్‌కూ కొన్ని అతుకులు పడ్డాయి. 80-సీ, 80-డీ, 80-టీటీబీ అంటూ అంకెల పక్కన అక్షరాలు పుట్టుకొచ్చాయి. చివరికి 819 సెక్షన్లు, 5 లక్షల పైచిలుకు పదాలు. జీతగాడు తన పన్ను సంగతి తాను చదువుకుని తెలుసుకునే వీలే లేకుండా పోయింది.

మార్చాలని 2009లో ప్రత్యక్ష పన్నుల కోడ్ ముసాయిదా తెచ్చారు. 2010లో బిల్లు పెట్టారు, 2014లో లోక్‌సభతోపాటే అదీ ముగిసింది. చివరికి 2025 ఫిబ్రవరి 13న నిర్మలా సీతారామన్ కొత్త బిల్లు ప్రవేశపెట్టారు.

అందులో ఒక నిబంధన నన్ను బాగా కలవరపెట్టింది: గడువులోగా రిటర్న్ వేయకపోతే రిఫండ్ లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మీద బతికే పెద్దావిడను తలుచుకోండి. ఆమె ఆదాయం పన్ను పరిధిలోకే రాదు. పన్ను కోయొద్దని కోరే ఫారం ఇవ్వాలని తెలియక బ్యాంకులో టీడీఎస్ (వడ్డీలోంచి ముందే పట్టుకునే పన్ను) కోతపడింది. ఆ డబ్బు వెనక్కి రావాలంటే రిటర్న్ ఒక్కటే దారి. ఆస్పత్రిలో ఉండి గడువు దాటితే తన సొమ్మే తనకు రాదన్నమాట. బిల్లును పరిశీలించడానికి ఎంపీ బైజయంత్ పండా అధ్యక్షతన ఏర్పడిన సెలెక్ట్ కమిటీ దీన్ని తొలగించమంది. ఆగస్టులో పాత బిల్లు వెనక్కి తీసుకుని, సవరించినదాన్ని పార్లమెంటు ఆమోదించింది. ఆ నిబంధన పోయింది. సామాన్యులకు ఈ మొత్తం కసరత్తులో దక్కిన పెద్ద మేలు ఇదేనని నా అభిప్రాయం.

పన్ను రేట్లు మాత్రం దీనివల్ల మారలేదు. 'కొత్త విధానం'లో (ఇది ఈ చట్టానికి ముందు నుంచే ఉంది; రేట్లు తక్కువ, మినహాయింపులూ తక్కువ) 12 లక్షల దాకా పన్ను పడకపోవడం 2025 బడ్జెట్‌తో వచ్చిన ఊరట. కొత్త చట్టంలో సెక్షన్లు 536కి తగ్గాయి, నంబర్లు మారాయి. పొదుపులకు మినహాయింపు ఇచ్చే 80-సీ ఇక 123వ సెక్షన్. పాత విధానంలో ఉన్నవాళ్లకు లక్షన్నర పరిమితి అలాగే ఉంది.

భయం మిగిలింది 247వ సెక్షన్ దగ్గర. సోదా జరిగినప్పుడు అధికారులు ఈమెయిల్, సోషల్ మీడియా ఖాతాల పాస్‌వర్డ్‌లను దాటుకుని లోపలికి వెళ్లవచ్చని అందులో స్పష్టంగా రాశారు. లెక్కచూపని ఆదాయం ఉందని నమ్మడానికి కారణం ఉంటేనే సోదా చేయాలి, నిజమే. కానీ ఫోన్‌లో ఆదాయం లెక్కలతోపాటు ఇంటి సంగతులన్నీ ఉంటాయి. వాటికి రక్షణ ఏమిటో చట్టంలోనే రాసి ఉండాల్సింది.

ఇంకొక్క మాట. 2025-26 ఆదాయానికి వేసే రిటర్న్ పాత చట్టం కిందికే వస్తుంది. అసెస్‌మెంట్ ఇయర్ గడిలో 2026-27 అనే నింపాలి.