రజియా పతనానికి ప్రేమ కారణం కాదు

హైదరాబాద్

చిరంజీవులైన పిల్లలకు,

మొన్న టీవీలో పాత హిందీ సినిమా చూసి, ఢిల్లీని ఏలిన రజియా ఒక బానిసను ప్రేమించినందువల్లే రాజ్యం పోగొట్టుకుందా అని మీరు ఫోనులో అడిగారు. రెండు మాటల్లో జవాబు చెప్పి పెట్టేయదగిన ప్రశ్న కాదది. ఒక పాలకురాలి రాజకీయ జీవితాన్నంతా ఒక పుకారు కింద కప్పేసిన తీరు అందులో ఉంది కనుక తీరికగా కూర్చుని రాస్తున్నాను.

రజియా తండ్రి ఢిల్లీ సుల్తాన్ ఇల్తుత్‌మిష్. పెద్ద కొడుకు నసీరుద్దీన్ 1229లో మరణించాక, మిగిలిన కొడుకుల్లో రాజ్యం మోయగలవాడు అతనికి కనిపించలేదు. గ్వాలియర్ కోటను గెలిచి తిరిగి వచ్చిన తర్వాత, కూతురినే వారసురాలిగా ప్రకటిస్తూ ఫర్మానా రాయమని అతడు ఆజ్ఞాపించాడు. ఎదిగిన కొడుకులుండగా ఇదేమిటని కొలువులోని పెద్దలు అడిగితే, వాళ్ళు యౌవన సుఖాల్లో మునిగి ఉన్నారనీ, ఈమె కంటె యోగ్యులు లేరని తన తర్వాత మీకే తెలుస్తుందనీ చెప్పాడట. అయినా 1236లో అతడు పోగానే కొలువులోని ప్రభువులైన అమీర్లు కొడుకు రుక్నుద్దీన్ ఫిరోజ్‌ను గద్దె ఎక్కించారు. అతని పాలన ఏడు నెలలు కూడా నిండలేదు. అతని తల్లి షా తుర్కాన్ సాగించిన క్రూరత్వానికి విసిగిన ఢిల్లీ ప్రజలు రజియా పక్షాన నిలబడ్డారు. అమీర్లు తమ అవసరం కొద్దీ తెచ్చిపెట్టుకున్న రాణి కాదు ఆమె. నగర ప్రజల అండతో గద్దె ఎక్కిన పాలకురాలు. అమీర్లకు ఆమె మీద మొదటినుంచీ గుర్రు ఉండడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ఇక ఆమె ప్రేమించిందని చెప్పే ఆ బానిస, యాకూత్ సంగతి చూద్దాం. రజియా కాలంలో జీవించి, ఆమె కొలువులోనే ఢిల్లీలోని నాసిరియా మదరసా బాధ్యతలు అందుకున్న మిన్హాజ్ అనే పండితుడు 1260 ప్రాంతంలో తన చరిత్ర గ్రంథాన్ని పూర్తిచేశాడు. మనకు దొరికే సాక్ష్యాల్లో ఆమెకు అన్నిటికంటె దగ్గరిది అదే. ఆమె వివేకవతి అనీ, న్యాయం తెలిసినదనీ, సైన్యాన్ని నడపగలిగినదనీ పొగుడుతూనే, మగవాడిగా పుట్టని ఆమెకు ఈ గుణాలన్నీ ఉండి ఏం ప్రయోజనమని అతడు నిట్టూరుస్తాడు. రాజాశ్వశాలకు అధికారిగా ఉన్న హబ్షీ (ఆఫ్రికా మూలం వాడు) జమాలుద్దీన్ యాకూత్‌కు సుల్తాన్ రజియా ఆదరణ దక్కిందనీ, అది తురుష్క అమీర్లకు కంటగింపయిందనీ మాత్రమే అతడు రాశాడు. అందులో ప్రేమ మాట లేదు.

మరి ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది? ఆమె పోయిన నూట పదేళ్ళకు, 1350లో, మన దక్కనులోని దౌలతాబాదులో ఇసామీ అనే కవి సుల్తానుల చరిత్రను పద్యాల్లో రాశాడు. రజియా గుర్రం ఎక్కేటప్పుడు యాకూత్ ఆమె చేయి పట్టుకుని ఎక్కించేవాడన్న దృశ్యం అక్కడ కనిపిస్తుంది. ఆడది రాట్నం ముందు కూర్చోవడమే మేలని కూడా ఆ కవే రాశాడు. (మన దేశంలో రాట్నం వాడుకకు తొలి సాక్ష్యంగా చరిత్రకారులు చూపేది కూడా ఆ పద్యాన్నే.) దాదాపు ఆ రోజుల్లోనే మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఢిల్లీలో విన్న పుకారును తన యాత్రాకథనంలో చేర్చాడు. పదిహేడో శతాబ్దం మొదట్లో బీజాపూర్‌లో చరిత్ర రాసిన ఫిరిష్తా కాలానికి అది అందరికీ తెలిసిన నిజమైపోయింది. చూశారా, ఆమెను ఎరిగినవాడికి తెలియని రహస్యం ఆమె ముఖం కూడా చూడని వాళ్ళకు తెలిసింది! సినిమాకు ముడిసరుకు ఈ పుకారే. మీరు చూసిన ఆ 1983 నాటి చిత్రంలో హేమమాలిని రజియాగా, ముఖానికి నల్లరంగు పూసుకున్న ధర్మేంద్ర యాకూత్‌గా నటించారు.

ఆ నల్లరంగు నన్ను చాలా బాధపెడుతుంది. మాసాబ్ ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ మీదుగా మీరు ఎన్నోసార్లు వెళ్ళి ఉంటారు. నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం వల్ల ఆ పేటకు ఆ పేరు వచ్చింది. ఆ సైనికుల వారసులు ఇప్పటికీ అక్కడ నివసిస్తున్నారు, మన పెళ్ళి ఊరేగింపుల్లో మోగే మర్ఫా వాళ్ళు ఈ నగరానికి ఇచ్చినదే. ఇథియోపియా నుంచి బానిసగా వచ్చిన మలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి, 1626లో చనిపోయేదాకా మొగలులను నిలువరించాడు. హబ్షీలు మన చరిత్రలో యోధులు, అధికారులు. గుర్రాలే సైన్యానికి ప్రాణమైన కాలంలో అశ్వశాలాధికారి పదవి చిన్నది కాదు. దాన్ని తురుష్కుడు కానివాడికి ఇవ్వడం, కొలువంతా తమ సొత్తనుకున్న అమీర్ల గుత్తాధిపత్యాన్ని విరవడమే. ‘బానిసను ప్రేమించింది’ అనే నింద వెనుక ఉన్న అసలు కోపం అదీ. బానిసత్వమే తప్పయితే, ఇల్తుత్‌మిష్ కూడా ఒకప్పుడు బానిసగా అమ్ముడుపోయినవాడే, ఆ అమీర్లలో చాలామంది అతడు కొన్న బానిసలే.

ఆల్తూనియాను కూడా సినిమాలూ నవలలూ ప్రేమికుడిని చేశాయి. అతడు భటిండా పాలకుడు. 1240లో ఢిల్లీ అమీర్లతో కలిసి తిరుగుబాటు చేశాడు. యాకూత్‌ను చంపారు, రజియాను భటిండాలో బంధించారు, ఆమె తమ్ముడు బహ్రాంను సుల్తాన్‌ను చేశారు. అయితే ఢిల్లీలో పదవులు పంచుకున్నవాళ్ళు ఆల్తూనియాకు ఏమీ మిగల్చలేదు. అప్పుడతడు తన ఖైదీనే పెళ్ళాడి, ఆమెతో కలిసి ఢిల్లీ మీదికి బయలుదేరాడు. పోయిన గద్దె కోసం ఆమె, దక్కని పదవి కోసం అతడు చేసుకున్న రాజకీయ ఒప్పందం అది. ఆ ఏడాదే ఓడిపోయి, కైథల్ దగ్గర ఇద్దరూ ప్రాణాలు పోగొట్టుకున్నారు.

యాకూత్ అసలు లేకపోతే రజియా గద్దె నిలిచేదా అన్న సందేహం మీకు రావచ్చు. ఆమెకు ముందూ వెనుకా ఉన్నవాళ్ళను చూస్తే జవాబు దొరుకుతుంది. రుక్నుద్దీన్‌ను 1236లోనే దించేశారు. రజియా తర్వాత వచ్చిన బహ్రాంను రెండేళ్ళకే, 1242లో, అమీర్లు చంపారు. తర్వాతి మసూద్‌ను 1246లో చెరలో వేశారు. ఇల్తుత్‌మిష్ పోయిన పదేళ్ళలో నలుగురు పాలకులు పడిపోయారు, వారిలో మూడున్నరేళ్ళు నిలిచిన రజియా పాలన తక్కువదేమీ కాదు. మిగిలిన ముగ్గురి పతనానికీ అమీర్ల అధికార దాహాన్నీ వాళ్ళ అసమర్థతనూ కారణాలుగా రాసి, అదే అమీర్ల చేతిలో పడిపోయిన ఆడమనిషికి మాత్రం ప్రేమను కారణంగా అంటగట్టడం నేను ఒప్పుకోలేను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య