మూడు సిలిండర్ల కారు సిగ్నల్ దగ్గర ఎందుకు వణుకుతుంది?

కాకినాడ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "కొత్తగా చిన్న కారు కొన్నాం. రోడ్డు మీద బాగానే పోతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం స్టీరింగూ సీటూ సన్నగా వణుకుతున్నాయి. ఏసీ వేస్తే ఆ వణుకు మారుతోంది. అమ్మినవాళ్లను అడిగితే మూడు సిలిండర్ల బండి అంతేనండీ అంటున్నారు. మాకు టెన్షన్‌గా ఉంది. లోపమున్న బండిని మాకు అంటగట్టారా?"

అంటగట్టలేదు. వాళ్లు చెప్పింది నిజమే. కానీ "అంతేనండీ" అని వదిలేయాల్సిన విషయం కాదిది. ఆ వణుకు వెనక ఉన్న లెక్క నాకు ఎంతో ఇష్టమైన లెక్క. పైగా పెట్రోల్ బంకులో మీకు మిగులుతున్న డబ్బుకీ, సిగ్నల్ దగ్గర వచ్చే వణుకుకీ నేరుగా సంబంధం ఉంది.

అంకెలు కావాలి కాబట్టి మారుతి 800 ఇంజన్‌నే తీసుకుంటాను. 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఆ బండి, మన దేశంలో లక్షల ఇళ్లకు మొదటి కారు. ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. ఒక్కో సిలిండర్ వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, పిస్టన్ పైనుంచి కిందికి ప్రయాణించే దూరం 72 మిల్లీమీటర్లు. ఇప్పుడు రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఇదే అమరిక. నాలుగు స్ట్రోకులంటే ఏమిటో స్కూల్లో చదివే ఉంటారు, అది వదిలేస్తున్నాను.

బండి ఆగి ఉండి ఇంజన్ నడుస్తున్నప్పుడు, అంటే ఐడిలింగ్‌లో, పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు, అదే క్రాంక్ షాఫ్ట్, నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది. ప్రతి పిస్టనూ సెకనుకు 13 సార్లు పైకీ కిందికీ పోయి వస్తుంది. ప్రతిసారీ పైన ఒకసారి, కింద ఒకసారి పూర్తిగా ఆగి, దిక్కు మార్చుకోవాలి. ఆ మలుపులో దాని త్వరణం భూమ్యాకర్షణకు 26 రెట్లు. అదే నిమిషానికి 5000 చుట్ల దగ్గర వెయ్యి రెట్లు. పిస్టన్ పావుకిలో ఉందనుకుంటే, దాన్ని ఆపి వెనక్కి తిప్పడానికి రెండున్నర క్వింటాళ్ల బరువుకు సమానమైన బలం కావాలి. ఆ బలమంతా ఇంజన్ దిమ్మె మీదే పడుతుంది. ఒక్క పిస్టనే ఉంటే ఇంజన్ బానెట్‌ను ఎగరగొట్టేలా గెంతుతుంది.

మూడు పిస్టన్లున్నచోట వాటిని క్రాంక్ మీద 120 డిగ్రీల తేడాతో అమరుస్తారు. ఒకటి పైకి లాగే బలం ఎంతో, ఏ క్షణంలో చూసినా మిగతా రెండూ కలిపి కిందికి లాగే బలం సరిగ్గా అంతే. మొత్తం సున్నా. ఇది ఉజ్జాయింపు కాదు, త్రికోణమితి ఇచ్చే కచ్చితమైన సున్నా. ఇంకో విశేషం ఉంది. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ, అంటే కనెక్టింగ్ రాడ్, పక్కకు ఒరుగుతుంది కాబట్టి పిస్టన్ కదలిక పైసగంలో ఒకలా, కిందిసగంలో ఇంకోలా ఉంటుంది. దానివల్ల క్రాంక్ వేగానికి రెట్టింపు వేగంతో ఇంకో చిన్న కుదుపు పుడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఈ రెండో రకం కుదుపులు నాలుగూ ఒకేసారి ఒకే వైపు పడి కూడుకుంటాయి. మూడు సిలిండర్లలో అవి కూడా రద్దయిపోతాయి. ఈ ఒక్క విషయంలో మీ చిన్న కారు పెద్ద కారు కన్నా మేలు.

మరి వణుకు ఎక్కడిది?

కావడి మోసే మనిషిని తలుచుకోండి. బద్దకు రెండు చివర్లా రెండు కుండలు, మధ్యలో భుజం దగ్గర మూడో కుండ కట్టి ఉందనుకోండి. మూడింటినీ ఎవరో కిందికీ పైకీ లాగుతున్నారు. మూడు లాగుళ్లనూ కలిపితే ఎప్పుడూ సున్నాయే, కాబట్టి భుజం మీద బరువు పెరగదు, తగ్గదు. అయినా కావడి నిలకడగా ఉండదు. ఎడమ చివర కిందికి లాగుతున్నప్పుడు కుడి చివర కూడా అంతే బలంగా కిందికి లాగితేనే బద్ద సమంగా ఉంటుంది. మన మూడు సిలిండర్లలో చివరి రెంటికీ మధ్య 120 డిగ్రీల తేడా. అవి ఎప్పుడూ జతగా కదలవు. అందుకే బద్ద ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఒరుగుతూనే ఉంటుంది. మధ్య కుండ భుజం మీదే ఉంది కాబట్టి అది ఎంత లాగినా బద్దను ఒరిగించలేదు, అలాగని ఒరుగుడును ఆపనూ లేదు. నాలుగు సిలిండర్ల కావడిలో చివరి రెండూ కలిసి లేస్తాయి, మధ్య రెండూ కలిసి దిగుతాయి. ఎడమ సగం కుడి సగానికి అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది, ఒరిగే ప్రశ్నే రాదు.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో 'డైనమిక్స్ ఆఫ్ మెషినరీ' క్లాసులో చాలామంది పిల్లలు బలాల త్రిభుజం గీసి, అది మూసుకోగానే 'బ్యాలెన్స్ అయింది' అని రాసి పేజీ తిప్పేస్తారు. ఒరిగించే జంట బలాల లెక్కను, అంటే కపుల్‌ను, పరీక్ష కోసం విడిగా బట్టీ పడతారు. కాలేజీ పార్కింగ్‌లో మూడు సిలిండర్ల కార్లు వరసగా నిలబడి ఉంటాయి. ఒకదాన్ని స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి ఆ పిల్లలకు చూపిస్తే చాలు, జీవితంలో మరిచిపోరు.

మీరూ చూడవచ్చు, కానీ ఫ్యాను, బెల్టుల జోలికి చేతులు పోనివ్వకండి. ఇలాంటి కార్లలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, అంటే క్రాంక్ ఎడమ నుంచి కుడికి పడుకుని ఉంటుంది. కావడి ఒరుగుడు ఎడమ కొసా కుడి కొసా లేచి దిగడంగా కనిపిస్తుంది, అది సెకనుకు 13 సార్లు. దాంతోపాటు ఇంజన్ ముందుకూ వెనక్కీ తల ఊపుతుంది. అది సిలిండర్లలో పెట్రోల్ మండే పేలుళ్ల వల్ల వచ్చేది. ఒక్కో సిలిండర్‌లో రెండు చుట్లకు ఒక పేలుడు, మూడింటిలో కలిపి మూడు, అంటే సెకనుకు 20. ఒక పేలుడు తోపు మహా అయితే 180 డిగ్రీలు ఉంటుంది, తర్వాతి పేలుడు 240 డిగ్రీలకు గానీ రాదు. మధ్యలో కనీసం 60 డిగ్రీలు ఇంజన్‌ను ఎవరూ తోయరు. క్రాంక్ కొసన ఉండే బరువైన చక్రం, ఫ్లైవీల్, ఒక్కటే తన ఊపుతో లాక్కుపోతుంది.

ఇక్కడ జాగ్రత్తగా చదివేవారికి ఒక అనుమానం రావాలి. పిస్టన్లను ఆపి తిప్పడంలో పుట్టే ఈ బలం, అంటే జడత్వ బలం, వేగం వర్గంతో పెరుగుతుంది. 800 నుంచి 5000 చుట్లకు పోతే కావడిని ఒరిగించే బలం 39 రెట్లవుతుంది. మరి హైవే మీద వణుకు తగ్గుతుందేమిటి?

ఇంజన్‌ను కారు చట్రానికి నేరుగా బిగించరు. మధ్యలో రబ్బరు దిమ్మెలుంటాయి, మెకానిక్కులు ఇంజన్ మౌంటింగులంటారు. కావడి మనిషి భుజం మీద మడిచి వేసుకునే తువ్వాలు పని అవి చేస్తాయి. రబ్బరు మీద కూర్చున్న ఇంజన్‌కు సొంత ఊగే వేగం ఒకటి ఉంటుంది. కావడిని కదిపి వదిలేస్తే అది తనంతట తాను ఎలా ఊగుతుందో అలా. బయటి నుంచి వచ్చే కుదుపు ఆ సొంత వేగానికి దగ్గరైతే ఊపు పెరిగిపోతుంది. ఐడిలింగ్ వేగం దానికి కాస్త పైనే ఉంటుంది, కానీ దూరంగా ఉండదు. ఇంజన్ ఆపిన క్షణంలో కారు ఒకసారి దడదడలాడి ఊరుకోవడం గమనించారా? చుట్లు తగ్గుతూ సరిగ్గా ఆ సొంత వేగం గుండా దిగిపోయిన క్షణమది. ఇంజన్ వేగంగా తిరుగుతున్నప్పుడు బలం వర్గంతో పెరుగుతుంది నిజమే, కానీ అది ఒకవైపు లాగే కాలవ్యవధి తగ్గిపోతుంది. అంత తక్కువ సమయంలో బరువైన ఇంజన్ కదలగలిగే దూరం అదే వర్గంతో తగ్గుతుంది. పెరిగింది పెరిగినంత, తగ్గింది తగ్గినంత. ఒరిగే కోణం దాదాపు మారదు కాబట్టి రబ్బరు గుండా చట్రానికి చేరే కుదుపూ పెరగదు. మనకు తెలిసేది వణుకు కాదు, సన్నటి రొద మాత్రమే. ఈ రెండు వర్గాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం చూసినప్పుడల్లా నాకు ఆనందంగా ఉంటుంది.

ఒరుగుడును మాన్పలేమా? మాన్పవచ్చు. మొదటి కావడికి ఎదురుగా ఊగే రెండో కావడిని పెడితే సరి. క్రాంక్‌కు వ్యతిరేక దిశలో అదే వేగంతో తిరిగే బ్యాలెన్స్ షాఫ్ట్ చేసేది అదే. 1977లో వచ్చిన డైహట్సు షరేడ్ 993 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్‌లో అది ఉంది. కానీ షాఫ్ట్ అంటే బరువు, బేరింగులు, రాపిడి, అన్నీ పెట్రోల్ తాగేవే. 2013లో మన దేశంలో ఎకోస్పోర్ట్‌తో వచ్చిన ఫోర్డ్ ఒక లీటరు ఎకోబూస్ట్ ఇంజన్‌లో షాఫ్ట్ లేదు. ఫ్లైవీల్‌లోనూ, అవతలి కొసన ఉన్న పుల్లీలోనూ కావాలనే కొంచెం బరువు తేడా పెట్టారు. దానివల్ల ఒరుగుడు పోదు, దిశ మారుతుంది. పైకీ కిందికీ ఒరగాల్సిన దాన్ని కొంత పక్కలకు మళ్లిస్తారు. ఆ దిశలో మౌంటింగులు దాన్ని ఇంకా బాగా మింగేస్తాయి.

ఇంత తంటా పడేకన్నా చిన్న కారుకు కూడా నాలుగు సిలిండర్లే పెట్టవచ్చు కదా! 800 సీసీని మూడు బదులు నాలుగుగా విడగొడితే, మంట తగిలే గోడల వైశాల్యం సుమారు 10 శాతం పెరుగుతుంది. ఆ మేరకు వేడి గోడల్లోకి పోయి రేడియేటర్ పాలవుతుంది. ఇంకో పిస్టను, దాని రింగులు, బేరింగులు అదనపు రాపిడి. ఊళ్లో నడిపేవారికి ఇది చాలా పెద్ద విషయం. మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు. ఇద్దరు ఎక్కితే 800 కిలోలు అనుకుందాం. సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ గంటకు 40 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దాదాపు 50 కిలోజౌళ్ల గతిశక్తి కావాలి. ఇంజన్ పెట్రోల్‌లోని శక్తిలో ఐదో వంతును చక్రాలకు అందిస్తుందనుకుంటే, అది 8 మిల్లీలీటర్ల పెట్రోల్. రెట్టింపు బరువున్న ఎస్‌యూవీకి 16. ఇక ఐడిలింగ్‌లో చిన్న ఇంజన్ గంటకు అరలీటరు తాగుతుందనుకుంటే, నిమిషానికి 8 మిల్లీలీటర్లే! సిగ్నల్ దగ్గర నిమిషం నిలబడినా, 40కి వేగం అందుకున్నా ఖర్చు ఒకటే.

ఐడిలింగ్‌లో మండే పెట్రోల్ బండిని ఒక్క అంగుళం కదపదు. అంతా ఇంజన్ సొంత రాపిడికీ, గాలి పీల్చుకోవడానికీ పోతుంది. అందుకని ఇంజనీర్లు ఐడిలింగ్ చుట్లను తగ్గించడానికి చూస్తారు. ఎంత తగ్గిస్తే అంత పెట్రోల్ ఆదా, కానీ ఊగే వేగానికి అంత దగ్గర, అంత వణుకు. మీ చేతికి తెలిసే ఆ వణుకు, పెట్రోల్‌ను ఎక్కడిదాకా ఆదా చేయాలో ఎవరో కూర్చుని తీసుకున్న నిర్ణయం. ఏసీ వేయగానే కంప్రెసర్ బరువు మోయడానికి కంప్యూటర్ చుట్లు కాస్త పెంచుతుంది, పేలుళ్లూ బలంగా పడతాయి. వణుకు మారేది అందుకే.

ముగ్గురు కలిసి బయల్దేరితే పని కాదని మన ఇళ్లల్లో ఒక నమ్మకం ఉంది. మూడు సిలిండర్లనగానే ముఖం చిట్లించే వాళ్లను చూస్తే ఆ నమ్మకం ఇంజన్లకూ పాకిందేమో అనిపిస్తుంది. ఇంకో నమ్మకం నిజంగా ప్రమాదకరం: పల్లంలో న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోల్ మిగులుతుందని. కార్బ్యురేటర్ కాలంలో దానికి కొంత అర్థం ఉండేదేమో. ఇంజెక్షన్ బండిలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, పెట్రోల్ పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో వేస్తే ఐడిలింగ్ కోసం మండుతూనే ఉంటుంది, పైగా ఇంజన్ బ్రేకింగ్ పోతుంది. స్పీడ్ బ్రేకర్ దాటాక గేరు తగ్గించకుండా మూడో గేరులోనే తొక్కేవారు కూడా ఆ అలవాటు మానుకోవాలి. తక్కువ చుట్లలో బరువు పడితే పేలుళ్ల మధ్య ఎడం పెరిగి బండి కొట్టుకుంటుంది, మౌంటింగులు త్వరగా పాడవుతాయి.

కాకినాడ పాఠకుడు గమనించాల్సింది ఒక్కటే, వణుకు లయ. సమంగా, సన్నగా ఉంటే అది కావడి ఒరుగుడే. ఉన్నట్టుండి పెరిగినా, గేరు వేసేటప్పుడు 'టక్'మని శబ్దం వచ్చినా మౌంటింగ్ చూపించండి. లయ తప్పి కుంటుతున్నట్టుంటే ఒక సిలిండర్ సరిగ్గా మండడం లేదన్నమాట, మెకానిక్ భాషలో 'మిస్సింగ్'. మూడింటిలో ఒకటి పోతే మూడో వంతు పోయినట్టే, కాబట్టి ఇట్టే తెలిసిపోతుంది. ముందు ప్లగ్గులు, తర్వాత కాయిల్, ఆ తర్వాత ఇంజెక్టర్ చూడమనండి. అలాంటి బండిని చాలా రోజులు నడిపితే మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. దాన్ని మార్చాలంటే ప్లగ్గు ఖరీదుకు ఎన్నో రెట్లవుతుంది.