చిన్నమ్మ నడుము, నల్లబడిన డిస్కు

చిక్కడపల్లిలో మా చిన్నమ్మ వాళ్ళ హాల్లో క్యాలెండర్ మేకుకి ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు వేలాడుతుండేది. అందులో ఉన్నది ఆమె నడుము ఎమ్మారై. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళ గ్లాసు వెనకాలే ఆ కవరూ వచ్చేది. ఫిల్ము తీసి ట్యూబ్‌లైటుకు ఎదురుగా ఎత్తిపట్టి, "ఇగో, గీ నల్లగున్నది చూడు బిడ్డా. గుజ్జు మొత్తం అరిగిపోయిందంట. ఇగ నేను కింద కూసునుడు బంద్" అనేది. బియ్యం బస్తా పక్కకు జరపబోతే నడుము పట్టేసి అప్పటికి నెల దాటింది. ఆమెకు 61 ఏళ్ళు.

ఆ "గుజ్జు అరిగింది" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. మోకాలి కీలులో ఉండే మృదులాస్థి అయినా, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు అయినా మనవాళ్ళకు రెండూ గుజ్జే. ఇక అరగడమంటారా, చెప్పులు అరుగుతాయి, సబ్బు అరుగుతుంది, తిరగలి రాయి అరుగుతుంది. అరిగినదేదీ మళ్ళీ పెరగదు, మిగిలినదాన్ని పొదుపుగా వాడుకోవాలి. అందుకే ఆ మాట వినగానే మనిషి తనకు తనే శిక్ష వేసుకుంటాడు: వంగొద్దు, బరువెత్తొద్దు, కింద కూర్చోవద్దు. ఎముకలు, కండరాలు, కీళ్ళ నొప్పుల మీద గత పది పదిహేనేళ్ళుగా జరుగుతున్న పరిశోధన చాలావరకు ఈ శిక్షనే తిరగదోడుతోంది.

ముందు ఆ నలుపు సంగతి. ఎమ్మారైలో టీ2 అనే తరహా చిత్రం ఒకటి ఉంటుంది. అందులో నీరు తెల్లగా మెరుస్తుంది. వయసులో ఉన్నప్పుడు డిస్కు మధ్యభాగం నానిన సగ్గుబియ్యంలా నీళ్ళు పట్టి ఉంటుంది కాబట్టి ఫిల్ములో తెల్లగా పడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ నీరు తగ్గుతుంది, డిస్కు కాస్త పలచబడుతుంది, అంచులు కొంచెం బయటికి ఉబ్బుతాయి. రిపోర్టులో దానికి డిస్క్ డిసికేషన్, డిస్క్ బల్జ్ అని పేర్లు. తలమీద జుట్టు నలుపు నుంచి తెలుపుకు పోతుంటే, ఫిల్ములో డిస్కు తెలుపు నుంచి నలుపుకు పోతుంది. అంతే తేడా.

ఇది సర్దిచెప్పడానికి అంటున్న మాట కాదు. నడుము నొప్పి అసలే లేని 3,110 మంది స్కాన్లను, 33 అధ్యయనాల నుంచి పోగుచేసి, 2015లో ఒక సమీక్ష ప్రచురించారు. ఇరవై ఏళ్ళవాళ్ళలోనే నూటికి 37 మందికి డిస్కు క్షీణత కనిపించింది. అరవై ఏళ్ళవాళ్ళలో 88 మందికి క్షీణత, 69 మందికి బల్జ్ ఉన్నాయి. వీళ్ళంతా నొప్పి లేనివాళ్ళని మరోసారి గుర్తుచేస్తున్నాను. అంటే మా చిన్నమ్మ బియ్యం బస్తా జోలికి పోకముందు, నడుము నిక్షేపంలా ఉన్నరోజున స్కాన్ తీసినా ఆ నలుపు దాదాపు ఖాయంగా ఉండేదే.

ఇంతకంటే చిత్రమైన పరీక్ష 2017లో అచ్చయింది. నడుము నుంచి కాలికి దిగే నొప్పి ఉన్న 63 ఏళ్ళ ఒక అమెరికన్ స్త్రీ, మూడు వారాల వ్యవధిలో పది వేర్వేరు కేంద్రాల్లో ఎమ్మారై తీయించుకుంది. పది రిపోర్టుల్లో కలిపి 49 లోపాలు రాశారు. అన్ని రిపోర్టుల్లోనూ ఉన్న లోపం ఒక్కటంటే ఒక్కటీ లేదు. మనిషి ఒకరే, వెన్ను ఒకటే, కథలు పది. అమీర్‌పేటలో ఒక సెంటర్లో తీయించి, "ఎందుకైనా మంచిది" అని సికింద్రాబాద్‌లో ఇంకొకటి తీయించుకునే మనబోటివాళ్ళకు ఇది చదివితే కాస్త ముచ్చెమటలు పడతాయి.

రిపోర్టులో మాటలే మనిషిని వంచేస్తాయని తమిళనాడులోనే తేల్చారు. కోయంబత్తూరులోని గంగా హాస్పిటల్ వైద్యులు దీర్ఘకాలపు నడుము నొప్పి ఉన్న 44 మందిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు వివరించారు. రెండో జట్టుకు, స్కాన్‌లో భయపడాల్సిందేమీ లేదు, ఉన్నవి వయసుతో వచ్చేవే అన్నారు. చికిత్స మాత్రం ఇద్దరికీ ఒక్కటే. ఆరు వారాల తర్వాత చూస్తే రెండో జట్టువాళ్ళకు నొప్పి ఎక్కువ తగ్గింది, పనులూ బాగా చేసుకోగలుగుతున్నారు. 44 మంది చిన్న సంఖ్యే, ఒప్పుకుంటాను. కానీ చిన్నమ్మ హాల్లో కూర్చుని ఆ కవరు చూసినవాడిగా నాకు ఆశ్చర్యం కలగలేదు.

"డిస్కు జారింది" అన్న మాటా ఇలాంటిదే. జారడానికి అదేం సబ్బుబిళ్ళ కాదు, పైనా కిందా పూసలకు గట్టిగా అతుక్కుని ఉంటుంది. పై పొర చీలి లోపలి పదార్థం బయటికి రావడం మాత్రం నిజమే. అలా వచ్చినదాన్ని ఒంట్లోని రక్షణ కణాలు పరాయి సరుకుగా గుర్తించి మెల్లగా తినేస్తాయి. ఇలాంటి కేసులన్నిటినీ కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో, పూర్తిగా తెగి విడిపోయిన ముక్కల్లో నూటికి 96 వాటంతటవే కుంచించుకుపోయాయి. కేవలం ఉబ్బి ఊరుకున్న బల్జుల్లో అలా తగ్గినవి 13 మాత్రమే. చూడ్డానికి ఎంత భయంకరంగా ఉంటే కరిగే అవకాశం అంత ఎక్కువన్నమాట.

స్కాన్ దండగని మాత్రం ఎవరూ అనుకోవద్దు. నొప్పితోపాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రిళ్ళు కూడా వదలని నొప్పి, గతంలో క్యాన్సర్, పెద్ద దెబ్బ, కాలు బలహీనపడటం, మూత్రం మీద అదుపు పోవడం, కూర్చునే చోట మొద్దుబారడం, వీటిలో ఏది ఉన్నా స్కాన్‌కు ఆలస్యం చేయకూడదు. మన దేశంలో వెన్నుపూసకు వచ్చే టీబీని మరవకూడదు కూడా. ఇవేవీ లేని మామూలు పట్టివేతకు మొదటి వారమే స్కాన్ తీయించడం గురించే నా పేచీ.

మరి డిస్కు నలుపు కారణం కాకపోతే నొప్పి ఎక్కడిది? మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఒక కారుంది. దాని అలారం మొదట్లో ఎవరైనా డోరు లాగితేనే మోగేది. ఇప్పుడు బానెట్ మీదికి పిల్లి దూకినా, పక్కన బైకు స్టార్ట్ చేసినా మోగుతుంది. దొంగ లేడు. అలారం మోత మాత్రం అబద్ధం కాదు, అర్ధరాత్రి అందరం లేస్తున్నాం. నాడీవ్యవస్థలోనూ ఇలా జరుగుతుందని, వెన్నుపాములోని కణాలు పదేపదే సంకేతాలు అందుకుని అతిగా స్పందించడం మొదలుపెడతాయని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ అనే నాడీశాస్త్రవేత్త చూపించాడు. నొప్పి అధ్యయనానికి ఉన్న అంతర్జాతీయ సంఘం 2017లో ఇలాంటి నొప్పికి నోసిప్లాస్టిక్ అని పేరు పెట్టింది. కణజాలానికి దెబ్బ తగిలిన నొప్పి ఒక రకం, నరమే దెబ్బతిన్న నొప్పి రెండో రకం, ఇది మూడోది.

ఈ మూడోదాన్ని "అంతా నీ మనసులోనే ఉంది" అని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. మన ఇళ్ళల్లో కోడళ్ళ నడుము నొప్పికి "నాటకం" అనే పేరు ఎంత తేలిగ్గా పడుతుందో తెలిసిందే. అది తప్పు. ఆ నొప్పి పూర్తిగా నిజం. మారింది అలారం. అలారాన్ని మళ్ళీ సరిదిద్దవచ్చన్న ఆశతో అమెరికాలోని కొలరాడోలో 151 మంది మీద ఒక పరీక్ష చేశారు. నొప్పిని ప్రమాదంగా కాక తప్పుడు అలారంగా చూడటం నేర్పే శిక్షణ అది, నాలుగు వారాలు. చివరికి ఆ శిక్షణ పొందినవాళ్ళలో నూటికి 66 మందికి నొప్పి పూర్తిగానో, దాదాపుగానో పోయింది. మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో 20, మామూలు వైద్యంతో ఉన్నవాళ్ళలో 10. అయితే ఒక్క ఊళ్ళో, ఆరితేరినవాళ్ళు నేర్పితే వచ్చిన ఫలితమిది. ఇంకా పెద్ద పరీక్షలు కావాలి.

మందుల దగ్గరకొస్తే కథ నీరసంగానే ఉంటుంది. కొత్తగా పట్టేసిన నడుముకు పారాసెటమాల్ ఇచ్చి 1,600 మందికి పైగా గమనించిన 2014 నాటి ఆస్ట్రేలియా పరీక్షలో, మందు వేసుకున్నవాళ్ళు కోలుకోవడానికి మధ్యస్థంగా 17 రోజులు పడితే, మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకు 16 పట్టాయి. నల్లమందు జాతికి చెందిన ఓపియాయిడ్ మాత్రలను 347 మంది మీద 2023లో పరీక్షించారు, ఉపయోగం తేలలేదు. ఇక్కడ చీటీ మీద తరచుగా కనిపించే నరాల మాత్ర ప్రెగాబలిన్, కాలికి దిగే నొప్పి ఉన్న 209 మందిలో ఉత్తి మాత్రను దాటలేకపోయింది. మోకాలికి "గుజ్జు పెరిగే ఇంజెక్షన్" అని వినిపించే పీఆర్పీని (మనిషి సొంత రక్తం నుంచే తీసే ప్లేట్‌లెట్ల ద్రవం) 288 మంది మీద పరీక్షించి ఏడాది తర్వాత కొలిస్తే, ఉప్పునీటి ఇంజెక్షన్‌తో పోల్చినప్పుడు నొప్పిలోనూ తేడా లేదు, గుజ్జులోనూ తేడా లేదు. ఇవన్నీ చదివి, డాక్టరు రాసిన మాత్రలను రేపటినుంచి మానేయకండి. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపకూడదు.

మన భాష నొప్పి విషయంలో ప్రతిసారీ తప్పుదోవ పట్టించదు లెండి. నిప్పు తగిలినా మంటే, మిరపకాయ కొరికినా మంటే. ఇది కవుల చమత్కారం కాదని 1997లో తేలింది. మిరపలోని క్యాప్సైసిన్ నాడి చివర ఏ తలుపు తెరుస్తుందా అని వెతికిన అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందానికి టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ దొరికింది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికీ తెరుచుకునేది ఆ తలుపే. 2021లో నోబెల్ వచ్చింది ఈ పనికి, ఒత్తిడినీ స్పర్శనూ పసిగట్టే పీజో ప్రోటీన్లను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. నొప్పికి రాసుకునే కొన్ని క్రీముల్లో క్యాప్సైసిన్ ఉంటుంది. మొదట మండించి, తర్వాత ఆ నాడినే మొద్దుబార్చడం దాని పద్ధతి.

ఈ దారిలోనే నొప్పి సంకేతాన్ని నాడి దగ్గరే ఆపే సుజెట్రిజిన్ అనే మందుకు 2025 జనవరిలో అమెరికా అనుమతి ఇచ్చింది. ఓపియాయిడ్ కాదు, మెదడు జోలికి పోదు. అనుమతి తాజా నొప్పులకే. నడుము నుంచి కాలికి దిగే నొప్పి మీద జరిపిన రెండో దశ పరీక్షలో, మందు వాడినవాళ్ళకీ ఉత్తి మాత్ర వాడినవాళ్ళకీ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది.

ఇక చిన్నమ్మ దగ్గరికి. అప్పటికే ఆమె నడుముకు బెల్టు కట్టింది, బరువులతో నడుమును లాగే ట్రాక్షన్ వేయించుకుంది, పదిరోజులు కరెంటు పెట్టించుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుము నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మూడూ వద్దన్న జాబితాలోనే ఉన్నాయి. చివరికి మా పక్కవీధి నుంచి ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఇంటికొచ్చింది. చిన్నమ్మ అలవాటుగా కవరు తీయబోతే, "అది తర్వాత చూద్దాం ఆంటీ, ముందు కింద పడ్డ ఆ పెన్ను తీసివ్వండి" అంది.

చిన్నమ్మ ఒక చేయి గోడకు ఆనించింది. ఊపిరి బిగబట్టింది. నడుము కర్రలా పెట్టి, మోకాళ్ళు మాత్రం వంచుతూ, కళ్ళు మూసుకుని దిగింది. పెన్ను అందుకుని లేచేసరికి ముఖం ఎర్రబడింది.

"ఊపిరెందుకు ఆపారు ఆంటీ?"

"ఆపిన్నా?" అంది చిన్నమ్మ. ఆమెకు తెలియనే తెలియదు.

రెండోసారి ఊపిరి వదులుతూ, గోడ పట్టుకోకుండా, వెన్ను గుండ్రంగా వంచి తీయమంది ఆ అమ్మాయి. నొప్పి వచ్చింది గాని, ఇందాకటికంటే తక్కువ. చిన్నమ్మ పెన్నునూ తన చేతినీ మార్చి మార్చి చూసుకుంది. ఆస్ట్రేలియాలో 492 మంది మీద 2023లో పరీక్షించిన పద్ధతి ఇంచుమించు ఇదే: భయంతో బిగబట్టిన కదలికను గుర్తించి, మనిషి తన కళ్ళముందే తన నడుమును మళ్ళీ నమ్మేలా చేయడం. అందులో లాభం ఏడాది తర్వాత కూడా నిలిచింది.

తర్వాత నడక. నడుము నొప్పి తగ్గినవాళ్ళకు అది తిరగబెట్టకుండా ఏం చేయాలన్న ప్రశ్నతో ఆస్ట్రేలియాలోనే 701 మందిని తీసుకున్నారు. సగం మందికి మెల్లమెల్లగా పెంచే నడక, కొంత అవగాహన. మిగతావాళ్ళకు ఏమీ లేదు. నొప్పి మళ్ళీ రావడానికి నడవనివాళ్ళకు మధ్యస్థంగా 112 రోజులు పడితే, నడిచినవాళ్ళకు 208 పట్టాయి. 2024లో వచ్చిన ఈ ఫలితానికి కావలసిన పరికరం ఒక జత చెప్పులు. చిన్నమ్మ ఇందిరా పార్కులో మొదటి వారం ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీ దాకా, రెండో నెలకు పూర్తి చుట్టు. వానాకాలంలో రెండుసార్లు నడుము మళ్ళీ పట్టేసింది, మూడేసి రోజులు. ఈసారి స్కాన్ మాట ఎత్తలేదు.

సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం వాళ్ళింటికి పోతే, హాల్లో పాత చీర పరిచి, పండు మిరపకాయల కుప్ప ముందు మఠం వేసుకుని కూర్చుని తొడిమలు తీస్తోంది. తొక్కు పెట్టాలట. నడుమెట్లుంది చిన్నమ్మా అన్నాను.

"నడుం సంగతి తర్వాత. చేతులు మండుతున్నయ్ బిడ్డా, నీళ్ళతో కడిగితే పోతలేదు. ఆ కొబ్బరినూనె సీసా ఇటియ్యి."