ఒకే ఒరలో రెండు కార్డులు

మౌస్ బాగానే ఉంది. మోడెమ్ కూడా బాగానే ఉంది. కానీ మోడెమ్ డయల్ చేయడం మొదలెట్టగానే తెరమీద బాణం గుర్తు కొయ్యబారిపోయేది. లైను తెంచితే మళ్లీ కదిలేది. నా పాత కంప్యూటర్లో మొదటిసారి ఇలా జరిగినప్పుడు మౌస్ అడుగు మూత తీసి, బంతికి పట్టిన దుమ్ము తుడిచాను. రెండోసారి కొత్త మౌస్ కొన్నాను. అదీ అక్కడే ఆగిపోయాక గానీ బుర్రకెక్కలేదు: విడివిడిగా రెండింటిలోనూ ఏ లోపమూ లేదు. రెండూ ఒకే గంట తాడు లాగుతున్నాయి, అంతే.

ఆ గంట పేరు ఇంటరప్ట్. కీబోర్డులో మీట నొక్కారా, డిస్కు నుంచి సమాచారం వచ్చిందా అని ప్రాసెసర్ ప్రతి పరికరాన్నీ అడుగుతూ కూర్చుంటే దాని పొద్దంతా అందుకే సరిపోతుంది. అందుకని పరికరానికే ఒక తీగ ఇచ్చారు. పని పడినప్పుడు అది తీగ మీద సంకేతం పంపుతుంది. ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి, దాని సంగతి చూసి, మళ్లీ తన పనిలో పడుతుంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఈ తీగల్ని చూసుకున్నది ఇంటెల్ 8259 చిప్. తీగలు ఎనిమిదే. 1984 నాటి పీసీ/ఏటీలో అలాంటి చిప్ ఇంకొకటి చేర్చారు. దాన్ని మొదటి చిప్‌కు తగిలించడానికే ఒక తీగ ఖర్చయి, మిగిలినవి 15. అందులో 0 టైమర్‌ది, 1 కీబోర్డుది, 6 ఫ్లాపీది, 8 గడియారానిది, 13 గణిత సహాయక చిప్‌ది, 14 హార్డ్ డిస్క్‌ది. కొత్తగా కొన్న కార్డుకు (సౌండు, మోడెమ్ లాంటి అదనపు బోర్డుకు) దొరికేవి నికరంగా 5, 9, 10, 11. ఈ తీగల నంబర్లనే ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ రిక్వెస్ట్) నంబర్లంటారు; వాటి కోసమే ఒక తరం మొత్తం స్క్రూడ్రైవర్ పట్టుకుని కుస్తీ పట్టింది.

నా మౌస్ కామ్ 1 అనే సీరియల్ పోర్టుకు ఉంది, మోడెమ్ కామ్ 3లో ఉంది. నంబర్లు వేరు కదా, గొడవేముంటుంది అనిపిస్తుంది. కానీ కామ్ 1, కామ్ 3 రెండూ ఐఆర్‌క్యూ 4 మీదే నడుస్తాయి. కామ్ 2, కామ్ 4 రెండూ 3 మీద. నాలుగు పోర్టులకు రెండే గంటలు.

ఒక గంటను ఇద్దరు పంచుకుంటే ఏం పోయింది? పాత ఐఎస్ఏ స్లాట్లలో, అంటే కార్డులు గుచ్చే పాత రకం గాడుల్లో, పోతుంది. అక్కడ ఇంటరప్ట్ చిప్ చూసేది తీగలో వోల్టేజీ కిందనుంచి పైకి లేచే ఆ ఒక్క క్షణాన్నే. మోడెమ్ అప్పటికే లేపి ఉంచితే, మౌస్ లేపడానికి ఇంకేమీ మిగలదు. దాని పిలుపు ఎవరికీ వినపడదు. పైగా చాలా కార్డులు ఊరికే ఉన్నప్పుడు కూడా తీగను కిందికి అదిమి పట్టుకుంటాయి. ఒకటి ఎత్తుతుంటే ఇంకొకటి తొక్కుతుంటుంది.

1992లో వచ్చిన పీసీఐ అనే కొత్త రకం స్లాటు ఈ పద్ధతిని మార్చింది. అక్కడ పని ఉన్న కార్డు తీగను కిందికి లాగి, తన పని అయ్యేదాకా అలాగే పట్టుకుంటుంది. డ్రైవర్లు (కార్డుల్ని నడిపే ప్రోగ్రాములు) ఒక్కొక్కటిగా తమ కార్డును "నువ్వేనా పిలిచింది?" అని అడుగుతాయి. కాబట్టి విండోస్ డివైస్ మేనేజర్లో 11 నంబరు కింద మూడు పీసీఐ పరికరాలు కనబడితే కంగారు పడొద్దు, అది జబ్బు కాదు. దాన్ని "బాగు" చేయబోయి బాగున్న యంత్రాన్ని పాడుచేసుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

ఇలాంటి తగాదాలు ఐఆర్‌క్యూతోనే ఆగవు. ప్రాసెసర్ పరికరంతో మాట్లాడే ఐ/ఓ పోర్టు చిరునామాలు, ప్రాసెసర్ చేయి పడకుండా మెమరీకీ కార్డుకూ మధ్య సమాచారం మోసే డీఎంఏ ఛానెళ్లు కూడా ఉన్నాయి. ఏది ఢీకొంటే దానికి తగ్గ లక్షణం బయటపడుతుంది. పెట్టె మూత విప్పకముందే ఆ లక్షణాన్ని చదవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

సౌండ్ కార్డునే చూడండి. పాట మొదలవుతుంది, ఒక ముక్క వినపడుతుంది, ఆ తర్వాత అదే ముక్క అరిగిపోయిన రికార్డులా తిరుగుతూనే ఉంటుంది. ఇది దాదాపు ఎప్పుడూ ఐఆర్‌క్యూ తగాదానే. ఎందుకంటే శబ్దాన్ని మెమరీ నుంచి కార్డుకు చేరవేసేది ప్రాసెసర్ కాదు, డీఎంఏ. అది మెమరీలో ఒక చిన్న భాగాన్ని గానుగెద్దులా చుట్టూ తిరుగుతూ చదువుతుంది. సగం అయిపోగానే కార్డు గంట కొట్టాలి, ప్రాసెసర్ వచ్చి ఆ సగంలో కొత్త శబ్దం నింపాలి. గంట వినపడకపోతే నింపేవాళ్లు రారు. ఎద్దు మాత్రం ఆగదు, పాత గింజల్నే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. పాట అసలు మొదలే కాకుండా గరగరమంటే మాత్రం డీఎంఏను అనుమానించాలి. ఛానెళ్లు ఏడే; 2 ఫ్లాపీది. ఈసీపీ అనే వేగమైన మోడ్‌లో పెట్టిన ప్రింటర్ పోర్టు కూడా ఒకటి తీసుకుంటుందని చాలామందికి తట్టదు.

చిరునామాలు ఢీకొంటే లక్షణం వేరు: కార్డు అసలు లేనట్టే ఉంటుంది, లేదా పిచ్చి జవాబులు వస్తాయి. ఒకే తలుపు తడితే ఇద్దరు ఒకేసారి పలికినట్టు. ఇందులో ఒక గమ్మత్తుంది. ప్రాసెసర్‌కు 65,536 పోర్టు చిరునామాలున్నా, పాత కార్డులు అందులో చివరి పది బిట్లే చూసేవి. అంటే వాటికి తెలిసినవి 1,024 ఇళ్లే; అంతకు మించిన ప్రతి చిరునామా వాటికి ఆ ఇళ్లలో ఏదో ఒకటిలాగే కనిపిస్తుంది. ఐబీఎం 8514/ఏ, దాని బాటలో వచ్చిన కొన్ని డిస్‌ప్లే కార్డులు 42ఇ8 వంటి పెద్ద చిరునామాలు (హెక్సాడెసిమల్ అంకెల్లో) వాడుకున్నాయి. చివరి పది బిట్లు మాత్రమే చూస్తే అది 2ఇ8. కామ్ 4 ఉండేది సరిగ్గా అక్కడే! తెరకు, మోడెమ్‌కు సంబంధం ఉంటుందని ఎవరు ఊహిస్తారు?

ఇక సరిచేయడం. విండోస్ 95 లేదా ఆ తర్వాతిదైతే డివైస్ మేనేజర్లో పసుపు ఆశ్చర్యార్థకం చూడండి. కోడ్ 12 అంటే పరికరానికి కావలసిన వనరు ఖాళీ లేదని అర్థం. రిసోర్సెస్ పేజీలో ఎవరితో తగాదానో కూడా రాసి ఉంటుంది. తర్వాత బయాస్‌లోకి (కంప్యూటర్ మొదలవుతుండగా తెరిచే సెట్టింగుల్లోకి) వెళ్లి మీరు వాడని సీరియల్ పోర్టుల్ని ఆపేయండి; నంబర్లు అప్పనంగా దొరుకుతాయి. ప్లగ్ అండ్ ప్లే కార్డులు ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాయి. జంపర్లతో, అంటే పిన్నులకు తొడిగే చిన్న తొడుగులతో, నంబరు పెట్టే కార్డు అలా కాదు, తానెక్కడ కూర్చుందో ఎవరికీ చెప్పదు. దాని నంబరును ఐఎస్ఏ కోసం కేటాయించినట్టు బయాస్‌లో మీరే రాయాలి.

అప్పటికీ లొంగకపోతే కరెంటు తీగ పీకి, డబ్బా లోహాన్ని ఒకసారి తాకి, డిస్‌ప్లే కార్డు తప్ప అన్నీ తీసేయండి. ఒక్కొక్కటే తిరిగి పెట్టండి. అందరూ చెప్పేది ఇదే, కానీ ఏ వరుసలో అన్నది చెప్పరు. మొండిది ముందు. రెండే నంబర్లు ఒప్పుకునే కార్డుకు మొదట చోటివ్వండి, దేనికైనా సర్దుకుపోయేదాన్ని చివర్న పెట్టండి. తిరగేసి చేస్తే, సర్దుకుపోయేది మొండిదాని కుర్చీలో ముందే కూర్చుని ఉంటుంది. ఏది ఏ నంబరో కాగితం మీద రాసి మూత లోపల అంటించండి. ఎమ్ఎస్‌డీ (మైక్రోసాఫ్ట్ డయాగ్నొస్టిక్స్) లాంటి డాస్ సాధనాలు చెప్పే నంబర్లలో ఊహలు కూడా కలిసుంటాయి. కాగితం మీద మీరు జంపర్ చూసి రాసిందే ఉంటుంది.

ఇప్పటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులకు గంట తాడు అక్కర్లేదు. మెమరీలో ఒక చోట చిన్న చీటీ రాస్తే చాలు, అదే పిలుపు. ఎమ్ఎస్ఐ-ఎక్స్ పద్ధతిలో ఒక్కో పరికరం 2,048 దాకా వేర్వేరు చీటీలు రాయవచ్చు.

నా మోడెమ్ సంగతా? మదర్‌బోర్డు మీది కామ్ 2ను బయాస్‌లో ఆపేసి, మోడెమ్ జంపర్‌ను ఒక్క పిన్ను పక్కకు జరిపి కామ్ 2 చేశాను. ఐఆర్‌క్యూ 3 దానిది, 4 మౌస్‌ది. డయల్ చేస్తుండగా బాణం గుర్తును తెరంతా తిప్పి చూసుకున్నాను, ఎక్కడా ఆగలేదు. తిప్పింది పాత మౌస్‌తోనే. కొత్తది మళ్లీ అట్టపెట్టెలోకి పోయింది.