ఇంటిపేరు పెట్టి పిలిస్తే... కోవిడ్ తగ్గాక పిల్లల్లో మిస్-సి

పిల్లాడికి జలుబులా వచ్చి పోయింది, పీసీఆర్ కూడా నెగెటివ్. మరి నెల తిరగ్గానే ఐసీయూలో ఎందుకు పడ్డాడు? కోవిడ్ రెండో అల దిగుతున్న రోజుల్లో మన ఊళ్లలోనూ వినిపించిన ప్రశ్న ఇది.

ఆ జబ్బు మిస్-సి, అంటే కోవిడ్ తర్వాత పిల్లల్లో పలు అవయవాలు ఒకేసారి వాచే జబ్బు. 2020 ఏప్రిల్‌లో లండన్, బెర్గామో వైద్యుల కంట పడింది. మొదట రక్తనాళాలు వాచే కవాసాకి జబ్బేమో అనుకున్నారు. కానీ కవాసాకి ఎక్కువగా ఐదేళ్ల లోపు వాళ్లది, దీని బారిన పడ్డవాళ్లలో ఎక్కువమంది ఎనిమిది, తొమ్మిదేళ్ల వాళ్లు. కోవిడ్ సోకిన 2 నుంచి 6 వారాలకు మొదలవుతుంది. అప్పటికి చాలామంది గొంతులో వైరస్ ఉండదు కాబట్టే పీసీఆర్ నెగెటివ్. ఈ దశలో అవయవాలను దెబ్బతీసేది ప్రధానంగా పిల్లాడి సొంత రోగనిరోధక కణాలే.

అవి అంతగా రెచ్చిపోవడం ఎలా? ప్రతి టి-కణం (ఒక రకం రోగనిరోధక కణం) మీదా ఒక గ్రాహకం ఉంటుంది. అందులో వీ-బీటా అనే భాగం కొన్ని పదుల రకాలే. దాన్ని ఆ కణం ఇంటిపేరు అనుకోండి. జన్యుముక్కలు ఎలా పడితే అలా అతుక్కుని ఏర్పడే కొస భాగం దాని సొంత పేరు. మామూలు వైరస్ ముక్క పూర్తి పేరుతో పిలుస్తుంది, కాబట్టి వేలల్లోనో లక్షల్లోనో ఒక్క కణం పలుకుతుంది. సూపర్ యాంటిజెన్ అనే జాతి ప్రోటీన్లు అలా కాదు. ముక్క కూర్చోవలసిన గాడిని వదిలేసి, బయటి పక్కనుంచి, ఆ ముక్కను పట్టి టి-కణానికి చూపే ఎంహెచ్‌సి-2ని, వీ-బీటాని కలిపి బిగించేస్తాయి. సొంత పేరుతో పనిలేదు, ఆ ఇంటిపేరు వాళ్లంతా వచ్చేయాల్సిందే. మొత్తం టి-కణాల్లో 5 నుంచి 20 శాతం ఒక్కసారిగా లేచి మంట రగిలించే సైటోకైన్ రసాయనాలు కుమ్మరిస్తాయి. రక్తనాళాలు కారతాయి, గుండె కండరం నీరసిస్తుంది, బీపీ పడిపోతుంది.

పరిశోధకులు చేసిన పని ఈ ఇంటిపేర్లు లెక్కపెట్టడమే. 2021లో ఫ్రాన్స్ బృందం చూస్తే, మిస్-సి పిల్లల్లో నూటికి 75 మందికి వీ-బీటా 21.3 కుటుంబం ఉబ్బిపోయి ఉంది. గమ్మత్తేమిటంటే ఆ కుటుంబంలో సొంత పేర్లు రకరకాలు. ఒకే కణం విభజన చెంది పెరిగి ఉంటే అన్నిటికీ ఒకే పేరుండాలి. అందుకే అనుమానం సూపర్ యాంటిజెన్ మీదికి పోయింది. కరోనా పైముళ్ల ప్రోటీన్ స్పైక్‌లో స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా విషాన్ని (అదొక సూపర్ యాంటిజెన్) పోలిన భాగం ఉందని కంప్యూటర్ నమూనాలు అంతకుముందే చూపాయి. ఆ భాగం శరీరంలో నిజంగా అలా పనిచేస్తోందా అన్నది తేలలేదు. పైగా 2024లో మరో మెలిక: సుమారు మూడో వంతు పిల్లల్లో మన సొంత ప్రోటీన్ ఎస్ఎన్ఎక్స్8 మీద యాంటీబాడీలు కనబడ్డాయి, వైరస్ లోపలి ప్రోటీన్ న్యూక్లియోక్యాప్సిడ్‌లో దాన్ని పోలిన ముక్క ఉంది. అంటే ఇక్కడ పూర్తి పేరుతోనే పిలిచారు, ఆ పేరే ఉన్న పక్కింటివాడి మీద పడ్డారు!

పీసీఆర్ నెగెటివ్ అయినప్పుడు కోవిడ్ వచ్చిపోయిందని చెప్పేది యాంటీబాడీ పరీక్ష. చంటిపిల్లల్లో దానికో చిక్కుంది. తల్లి ఐజీజీ యాంటీబాడీ మాయ దాటి బిడ్డకు చేరి నెలల తరబడి ఉంటుంది. పరీక్షలో కనిపించిన యాంటీబాడీ ఎవరిదో చెప్పలేం. తల్లికి కోవిషీల్డ్ పడితే స్పైక్ యాంటీబాడీ మాత్రమే వస్తుంది. హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌లో ఉన్నది చంపిన పూర్తి వైరస్, కాబట్టి న్యూక్లియోక్యాప్సిడ్ యాంటీబాడీ కూడా రావచ్చు. 2021లో కొల్హాపూర్ వైద్యులు ఇలాంటి లక్షణాలున్న 20 మంది నవజాత శిశువుల గురించి రాశారు. వాళ్లలో గుండె లయ తప్పడం ఎక్కువ. అది మిస్-సి లాంటిదేనా అని వాదన నడిచింది.

మిస్-సి లక్షణాలు ఇవి: మూడు రోజులు దాటిన జ్వరం, కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు, దద్దుర్లు, పుసి కట్టని ఎర్ర కళ్లు. ఎర్ర కళ్లకు కండ్లకలక చుక్కలు వేస్తారు, దద్దుర్లు చూసి అమ్మవారు పోసిందని వేపమండలు కడతారు, ఈలోగా పిల్లాడి చేతులు చల్లబడతాయి. కడుపునొప్పిని అపెండిసైటిస్ అనుకుని ఆపరేషన్ గది దాకా తీసుకెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. మన దగ్గర అసలు గండం డెంగీ. రెండింటిలోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, షాక్ వస్తుంది. డెంగీలో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) పెరుగుతుంది, ఒంట్లో వాపును చూపే సీఆర్పీ సాధారణంగా పెద్దగా పెరగదు. మిస్-సిలో సీఆర్పీ తరచు లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటుతుంది. కొన్ని ల్యాబులు డెసిలీటరు లెక్కలో ఇస్తాయి, అక్కడ 10 అంటే ఇదే 100. డెంగీ షాక్ అనుకుని సెలైన్ బాటిళ్లు ఎక్కించుకుంటూ పోతే, నీరసించిన గుండె తోడలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అందుకే ముందు ఎకో, అంటే గుండె స్కాన్. స్క్రబ్ టైఫస్, టైఫాయిడ్ కూడా కాదని తేల్చుకోవాలి.

చికిత్స ఇమ్యునోగ్లోబులిన్, కిలోకు 2 గ్రాములు. 20 కిలోల పిల్లాడికి 40 గ్రాములు, 5 శాతం ద్రావణమైతే 800 మిల్లీలీటర్లు. గుండె బలహీనంగా ఉంటే రెండు రోజులకు పంచుతారు. తోడుగా మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు కిలోకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు. జ్వరం తగ్గిందని హఠాత్తుగా ఆపకూడదు, రెండు మూడు వారాల్లో మెల్లగా తగ్గించాలి. యాంటీబాడీ పరీక్షకు రక్తం ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించకముందే తీయాలి, ఆ మందే దాతల యాంటీబాడీలు కదా. ఎకో మళ్లీ ఒకటి రెండు వారాలకు, 4 నుంచి 6 వారాలకు చేస్తారు. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు 11 నెలలు వాయిదా పడతాయి. ఎక్కించిన యాంటీబాడీలు టీకాలోని సజీవ వైరస్‌ను అణిచేస్తాయి. డిశ్చార్జి కాగితం మీద ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించిన తేదీ రాయించుకోండి.